నూట పాతికేళ్ల భాషా నిలయానికి బొల్లారం నుంచి నమస్సులు

1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్ రెసిడెన్సీ బజారులో, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో కొన్ని పుస్తకాలతో మొదలైంది శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. 2026 సెప్టెంబర్ 1 నాటికి దానికి 125 ఏళ్లు నిండుతాయి. అదే ఏడాది మే 10తో సురవరం ప్రతాపరెడ్డి గారి 'గోలకొండ పత్రిక' పుట్టి వందేళ్లు. ఒక ఏడాదిలో రెండు పండుగలు కలిసి రావడం మన అదృష్టం. ఇప్పుడు సుల్తాన్ బజారులో ఉన్న ఆ నిలయానికి, దాన్ని ఇన్నేళ్లు కాపాడుకుంటూ వచ్చిన కార్యవర్గాలకు, ఉద్యోగులకు, పాఠకులకు బొల్లారం వాసిగా, తెలుగు పాఠకుడిగా మనసారా అభినందనలు చెప్పుకుంటున్నాను.

గ్రంథాలయాలకు ఉత్సవాలు జరగడం కొత్తేమీ కాదు. కానీ ఈ నిలయం పండుగ ఒక్క గ్రంథాలయం పండుగ కాదు. తన నేల మీద తానే పరాయిదైపోయిన ఒక జాతి మళ్లీ తలెత్తుకున్న కథకు ఇది తొలి పుట. మన సభలు, మన పత్రికలు, మన బడులు, చివరికి మన ఎన్నికలు, మంత్రివర్గాలు అన్నీ ఆ పుట తర్వాత రాసుకున్నవే. అందుకే ఈ సందర్భంలో ఆ కథను ఒకసారి నెమరు వేసుకోవడం శుభాకాంక్షలో భాగమే అనుకుంటున్నాను.

ఆనాటి హైదరాబాద్ రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లు జనాభాలో ఇంచుమించు సగం. మరాఠీ, కన్నడం, ఉర్దూ మాట్లాడేవాళ్లు మిగతా సగం. లెక్కకు చూస్తే తెలుగువాళ్లదే పెద్ద చెయ్యి. అధికారంలో మాత్రం వాళ్లు అల్పసంఖ్యాకులు. 1880ల నుంచి కచేరీల్లో, కోర్టుల్లో ఫారసీ స్థానంలో ఉర్దూ వచ్చింది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. అర్జీ పెట్టుకోవాలన్నా, దస్తావేజు చదువుకోవాలన్నా, నౌకరీ సంపాదించాలన్నా తెలుగు పనికిరాదు. చదువుకున్న తెలుగువాళ్లు నలుగురు కలిసినా ఉర్దూలోనో ఇంగ్లీషులోనో మాట్లాడుకునేవారు. ఇంట్లో, పొలంలో, జాతరలో బతికిన తెలుగు బజారు దాటి కచేరీ మెట్లు ఎక్కలేకపోయింది. ఉర్దూ గొప్ప భాష. దాన్ని తప్పు పట్టేదేమీ లేదు. తప్పల్లా సగం జనం మాట్లాడే భాషకు కచేరీలో కుర్చీ వెయ్యకపోవడంలో ఉంది.

అలాంటి కాలంలో ఒక గ్రంథాలయం పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చింది? కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆదిపూడి సోమనాథరావు, మైలవరపు నరసింహశాస్త్రి వంటి కొద్దిమందికి. మునగాల సంస్థానం చుట్టూ నిజాం రాజ్యమే అయినా పాలనలో అది మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందింది. దాని దివాను కొమర్రాజు నాగపూర్‌లో చదువుకున్నారు, మరాఠీలో కూడా రాశారు. మరాఠీవాళ్లు తమ భాష కోసం పడుతున్న తపనను దగ్గరగా చూసి, అదే పట్టుదలను తెలుగుకు తెచ్చారు. పాల్వంచ రాజా పార్థసారథి అప్పారావు గారి అధ్యక్షతన ప్రారంభ సభ జరిగింది. పేరుకు శ్రీకృష్ణదేవరాయలను ఎంచుకున్నారు. తెలుగును రాజసభలో కూర్చోబెట్టిన రాజు పేరు ఆ కాలపు తెలుగువాళ్లకు ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక స్థలం సంగతి. ఇక్కడే మా బొల్లారానికీ ఆ నిలయానికీ ఉన్న చుట్టరికం బయటపడుతుంది. రెసిడెన్సీ బజారు నిజాం నగరంలోనే ఉన్నా నిజాం పోలీసు కింద లేదు, బ్రిటిష్ రెసిడెంటు కింద ఉంది. సికింద్రాబాద్, బొల్లారం కంటోన్మెంట్లూ అంతే. కోఠీలో రెసిడెంటు భవనం, బొల్లారంలో ఆయన విడిది ఇల్లు. 1860లో కట్టిన ఆ విడిది ఇల్లే నేటి రాష్ట్రపతి నిలయం. హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం బొల్లారంలో ఉండేది. 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఆ రోజులకు ఇప్పటికీ సాక్ష్యం. రిసాల బజారు పేరులో ఆ సైన్యపు గుర్రపు రౌతుల జ్ఞాపకం ఇంకా మిగిలే ఉంది. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే సర్కారు అనుమతి, బడి పెట్టాలంటే అనుమతి, పత్రిక పెట్టాలంటే అనుమతి. 'గస్తీ నిశాన్ 53' అనే ఉత్తర్వు వచ్చాక రాజకీయం సంగతి అటుంచి, సాహిత్య సభకు కూడా కచేరీల చుట్టూ తిరగాల్సి వచ్చింది. రెసిడెన్సీ ఇలాకాలో ఆ పట్టు కొంత సడలి ఉండేది. బ్రిటిష్‌వాళ్లకు తెలుగు మీద ప్రేమ ఉండి కాదు. వాళ్ల లెక్కలు వాళ్లవి. ఆ సందును చూసి, అందులో దీపం పెట్టుకున్న తెలివి మాత్రం మనవాళ్లది.

నిలయం పుట్టిన దారినే మిగతావీ నడిచాయి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. 1906లో కొమర్రాజు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు కలిసి హైదరాబాద్‌లోనే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. చరిత్ర, విజ్ఞానశాస్త్రం, జీవిత చరిత్రలు తెలుగులో చదవొచ్చన్న నమ్మకాన్ని కలిగించిన మండలి అది. గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర దాని తొలి ప్రచురణ. బానిసత్వాన్ని రద్దు చేసిన నాయకుడి కథతో మొదలుపెట్టడంలోనే వాళ్ల చూపు ఎటుందో తెలుస్తుంది. తర్వాత మండలి మద్రాసుకు తరలింది. 1910లో రంగారావు గారు చిన్న వయసులోనే కన్నుమూశారు. అయినా నిలయం మూతపడలేదు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు ముందుకొచ్చి భవనానికి విరాళమిచ్చారు. 1921లో నిలయం సొంత ఇంట్లోకి వెళ్లింది. ఆ తల్లి పేరు ఈ ఉత్సవ వేళ తలుచుకోకపోతే మన అభినందన సగమే అవుతుంది.

అదే 1921 నవంబరులో జరిగిన ఒక సాయంకాలం ఈ కథను మలుపు తిప్పింది. వివేకవర్ధినీ థియేటర్‌లో సంఘ సంస్కార సభ జరుగుతోంది. అధ్యక్షులు సంఘ సంస్కర్త మహర్షి కార్వే. ఇంగ్లీషులో మాట్లాడారు, ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు. అందరినీ సభ విన్నది. న్యాయవాది అల్లంపల్లి వెంకటరామారావు గారు లేచి ఒక తీర్మానం మీద తెలుగులో మాట్లాడబోయారు. సభలో గోల మొదలైంది. చప్పట్లు కొట్టి, కేకలు వేసి ఆయన మాట సాగనివ్వలేదు. రాజ్యంలో సగం మంది మాట్లాడే భాషకు, సంస్కారం పేరున జరిగే సభలో ఐదు నిమిషాలు దొరకలేదు. అక్కడున్న తెలుగువాళ్లు తిట్టుకుంటూ ఇళ్లకు పోలేదు. ఆ రాత్రే టేక్మాల్ రంగారావు గారి ఇంట్లో చేరారు. వచ్చింది పది పన్నెండు మందే. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు వాళ్లలో ఉన్నారు. తెల్లారేలోపు ఆంధ్ర జన సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాది కొండా వెంకట రంగారెడ్డి గారు అధ్యక్షులయ్యారు, మాడపాటి కార్యదర్శి అయ్యారు.

ఆ రాత్రి వాళ్లు ఏం అనుకున్నారో వాళ్లు పెట్టుకున్న పనుల పట్టిక చూస్తే అర్థమవుతుంది. గ్రంథాలయాలు, పఠన మందిరాలు, బడులు పెట్టాలి. తాళపత్రాలు, శాసనాలు వెతికి దాచాలి. పండితులను ఆదరించాలి. అందులో రాజ్యం మాకు కావాలన్న మాట ఎక్కడా లేదు. కానీ ఊరూరా పఠన మందిరం పెట్టడానికి వెళ్లినవాళ్లకు ఊళ్లో వెట్టి కనిపించింది. అధికారి డేరా వేస్తే సరుకులు అడ్డికి పావుసేరు ఇచ్చుకోవాల్సిన కోమటి కనిపించాడు. కూలి లేకుండా మోతలు మోసే మాదిగ, మాల, చాకలి, మంగలి కనిపించారు. సంఘం కరపత్రాలు వేసి వెట్టి మీద, వర్తకుల ఇబ్బందుల మీద సర్కారుకు అర్జీలు పెట్టింది. చదవడానికి మొదలైన సంఘం నోరు విప్పడం నేర్చుకుంది. భాషోద్యమం రాజకీయం కావడానికి ఇంతకంటే సహజమైన దారి ఇంకోటి లేదు.

పత్రికలు లేకపోతే ఈ మాటలు ఊళ్లకు చేరేవి కావు. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 'నీలగిరి' తెచ్చారు. అదే ఏడాది మారుమూల ఇనుగుర్తి నుంచి వద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 'తెనుగు పత్రిక' నడిపారు. 1926 మే 10న 'గోలకొండ పత్రిక' వచ్చింది. వారానికి రెండుసార్లు వెలువడే ఆ పత్రికలో ప్రతాపరెడ్డి గారి కలానికి నదురూ బెదురూ లేవు. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి ఆయన చెవిన పడింది. తిరిగి తిట్టలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. తెలంగాణ ఇచ్చిన జవాబుల్లో ఇంత నిండైనది నాకు ఇంకొకటి కనబడదు. అక్కసుకు ఆధారంతో బదులు చెప్పడం ఆయన దగ్గర నేర్చుకోవాలి.

చదువు విషయంలోనూ మనవాళ్లు అలాగే దారి వెతుక్కున్నారు. 1928లో మాడపాటి వారు నారాయణగూడలో తెలుగు మాధ్యమంతో బాలికల పాఠశాల పెట్టారు. తెలుగులో చదివిన ఆడపిల్లల పరీక్షను ఇక్కడి విశ్వవిద్యాలయం గుర్తించదు. అందుకని పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధించారు. ఏ పెద్దమనిషి అధ్యక్షతన జరిగిన సభలో తెలుగుకు అవమానం జరిగిందో, ఆ పెద్దమనిషి విశ్వవిద్యాలయమే తెలుగు ఆడపిల్లలకు నీడైంది. మాడపాటి వారు పగలు పట్టే మనిషి కాదు, పనులు చేసే మనిషి. ఆయన్ని ఆంధ్ర పితామహుడని పిలుచుకున్నది అందుకే. అంతకు ముందే, 1906లో జగన్ మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డివర్మ గారు ఏ బడీ రానివ్వని పిల్లల కోసం నగరంలో తెలుగు బడులు తెరిచారు. భాష అందరిదైతే బడి కూడా అందరిదై ఉండాలని ఆయన పట్టుబట్టారు. ఈ కథలో ఆయన పేరు అంచున కాదు, నడుమ ఉండాలి.

ఆంధ్ర జన సంఘం పని ఇలా పెరిగి, 1930 మార్చిలో జోగిపేటలో తొలి నిజామాంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి. దానితోపాటు నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన ఆంధ్ర మహిళా సభ కూడా జరిగింది. మరుసటి ఏడు దేవరకొండలో బూర్గుల, 1934లో ఖమ్మంలో పులిజాల వెంకటరంగారావు, 1935లో సిరిసిల్లలో మాడపాటి, 1936లో షాద్‌నగర్‌లో కొండా వెంకట రంగారెడ్డి, 1937లో నిజామాబాద్‌లో మందుముల నరసింగరావు అధ్యక్షత వహించారు. మొదట్లో వితంతు వివాహం, బాల్య వివాహం, చదువు, గ్రంథాలయాలు. ఏటేటా మాట పదునెక్కింది. 1941లో చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యాక సభ రైతు ఇంటి ముంగిట్లోకి వచ్చింది. 1944 భువనగిరి సభలో చీలిక వచ్చింది. ఒకరు మెల్లగా పోదామన్నారు, ఒకరు ఇక ఆగేది లేదన్నారు. ఊళ్లలో జనం ఆంధ్ర మహాసభను సంఘం అనే పిలిచారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగింది ఆ సంఘం కోసమే. తొలి అడుగు వేసినవాళ్లకూ, తర్వాత సాయుధ పోరాటంలో తుపాకీ పట్టినవాళ్లకూ మధ్య ఎన్ని విభేదాలున్నా, ఇద్దరూ ఒకే పఠన మందిరం నుంచి బయల్దేరినవాళ్లే అన్న సంగతి మరవకూడదు.

మా సికింద్రాబాద్ వంతు కూడా చిన్నది కాదు. వట్టికోట ఆళ్వారుస్వామి గారు వంటపని చేసుకుంటూ చదువుకున్న మనిషి. హోటల్లో సర్వరుగా పనిచేశారు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. పుస్తకం అచ్చువేయడంతో ఆయన పని అయిపోయేది కాదు. సంచీ నిండా పుస్తకాలు నింపుకుని భుజాన వేసుకుని ఊళ్లు తిరిగి అమ్మేవారు. కొనేవాడి ఇంటికి పుస్తకమే నడిచి వచ్చేది. ఆయన్ని సర్కారు జైల్లో పెట్టింది. నిజామాబాద్ జైల్లో ఆయనకు తోడున్న యువకవి దాశరథి, తన 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చారు. 'ప్రజల మనిషి' అన్నది ఆయన నవల పేరు. ఆ పేరు ఆయనకే సరిపోయింది. నిలయం పుస్తకాన్ని దాచి నిలబెట్టింది. ఆళ్వారుస్వామి పుస్తకాన్ని నడిపించారు. తెలంగాణలో తెలుగు బతకడానికి రెండూ కావలసి వచ్చాయి.

1943 మే 26న రెడ్డి హాస్టల్‌లో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. ఏ బడీ తెలుగు నేర్పని రోజుల్లో ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలు పెట్టి వేలమందికి తెలుగు చదువు అందించింది. ఇక 1948. భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన కె.ఎం. మున్షీ గారికి నగరంలో వసతి దొరక్క బొల్లారంలో భారత సైన్యానికి చెందిన ఇంట్లో దిగారు. సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు భారత సైన్యం పోలీసు చర్య జరిగింది. నిజాం లొంగుబాటుకు ముందు సాగిన సంప్రదింపుల్లో కొన్ని మాటలు మా వీధుల పక్కనే నడిచాయి. రెసిడెంటు విడిది ఇల్లు తర్వాత రాష్ట్రపతి నిలయమైంది. 2023 మార్చి నుంచి అది ఏడాది పొడుగునా ప్రజల సందర్శనకు తెరిచి ఉంది. నూట పాతికేళ్ల కిందట తెలుగువాళ్లు ఏ ప్రభువుల నీడలో తలదాచుకుని పుస్తకం చదువుకున్నారో, ఆ ప్రభువుల తోటలో నేడు మన పిల్లలు టికెట్ కొనుక్కుని తిరుగుతున్నారు.

ఆ తర్వాత పండిన పంట అందరికీ తెలిసిందే. 1921 నాటి రాత్రి టేక్మాల్ రంగారావు గారి ఇంట్లో కూర్చున్న యువకుడు బూర్గుల, 1952 ఎన్నికల తర్వాత హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. మాడపాటి హైదరాబాద్ నగరానికి మేయరయ్యారు. రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ గారికంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్లారు. ప్రతాపరెడ్డి వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో, ఆయన మరణానంతరం, తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టుకున్నాం. కొండా వెంకట రంగారెడ్డి పేరు మీద జిల్లానే ఉంది. వీళ్లెవరూ ఎన్నికల కోసం రాజకీయం నేర్చుకోలేదు. గ్రంథాలయ కార్యవర్గంలో ఓటు వేయడం, చందా వసూలు చేయడం, జమాఖర్చు అందరిముందు చదవడం, తనకు నచ్చని తీర్మానం నెగ్గినా కూర్చుని వినడం నేర్చుకున్నారు. రాజు గారి రాజ్యంలో ప్రజాస్వామ్యానికి తొలి పాఠశాల గ్రంథాలయం బల్ల. ఈ 125 ఏళ్ల పండుగలో నేను చెప్పదలచుకున్న మాట ఇదే. జాతి లేవాలంటే ముందు చదువుకునే చోటు ఉండాలి. అది లేనిదే జెండా ఎత్తినా నిలవదు.

ఈ మాట మనకొక్కరికే చెల్లుతుందా అంటే, లోకంలో ఇంకొక చోట అచ్చం ఇలాగే జరిగింది. నేడు సెర్బియాలో ఉన్న వోయ్‌వోదినాలో, సుబోటిట్సా పట్టణం చుట్టూ బున్యెవ్‌ట్సి అనేవాళ్లు తరతరాలుగా ఉంటున్నారు; వాళ్లలో చాలామంది తమను క్రొయేషియన్లుగా చెప్పుకుంటారు. పందొమ్మిదో శతాబ్దంలో వాళ్లు హంగేరీ ఏలుబడిలో ఉన్నారు. బడుల్లో, కచేరీల్లో హంగేరియన్ భాష రాజ్యమేలుతోంది. 1870లో ఇవాన్ అంతునోవిచ్ అనే మతాచార్యుడు వాళ్ల భాషలో పత్రిక మొదలుపెట్టారు. 1878లో సుబోటిట్సాలో వాళ్ల ప్రజా పఠన మందిరం తెరుచుకుంది. 1884లో 'నెవెన్' అనే పత్రిక వచ్చింది. యుద్ధాలు, సరిహద్దులు, రాజ్యాలు మారిపోయినా ఆ పట్టుదల నిలిచింది. 1990లో సుబోటిట్సాలోనే వోయ్‌వోదినా క్రొయేషియన్ల రాజకీయ పార్టీ ఏర్పడింది. 2002లో వాళ్లకు సొంత జాతీయ మండలి వచ్చింది. అక్కడ కూడా వరుస అదే: ముందు పత్రిక, పఠన మందిరం, తర్వాతనే పార్టీ. వేల మైళ్ల దూరంలో, ఒకరి పేరు ఒకరికి తెలియని రెండు జాతులు ఒకే దారిన నడవడం చూస్తే, ఆ దారి ఎంత సరైనదో మనకు ధైర్యం కలుగుతుంది.

మరి మన పని అయిపోయిందా? తెలుగు నేడు రాజభాష. తెలుగు రాష్ట్రాలు రెండు. మాట్లాడితే గోల చేసేవాళ్లు లేరు. ఇప్పుడు మన పరీక్ష వేరేది. నాడు అల్లంపల్లి వారికి దొరకని ఐదు నిమిషాలు, నేడు మన మధ్య ఉన్న చిన్న సముదాయాలకు మనం ఇస్తున్నామా? సికింద్రాబాద్‌లో 1862లో మహబూబ్ కళాశాల పుట్టడానికి కారకులు సోమసుందరం మొదలియార్ అనే తమిళుడు. 1872లో ఈ ఊళ్లో గ్రంథాలయం తెరిచిందీ ఆయనే. 1893 ఫిబ్రవరిలో చికాగో ప్రయాణానికి ముందు వివేకానందుడు మాట్లాడింది ఆ కళాశాలలోనే. బొల్లారం, అల్వాల్, తిరుమలగిరి, లోతుకుంట వీధుల్లో ఈనాటికీ తెలుగుతోపాటు తమిళం, మరాఠీ, కన్నడం, ఉర్దూ, మలయాళం వినిపిస్తాయి. కంటోన్మెంటు తెచ్చిన ఆ భాషలన్నీ మన చుట్టాలే. తన భాష కోసం తపించిన జాతి పక్కవాడి భాషకు చోటిస్తేనే ఆ తపన నిజమైనదవుతుంది. నిలయం 125 ఏళ్ల పండుగ ఆ ఔదార్యాన్ని కూడా మనకు నేర్పాలని కోరుకుంటున్నాను.

ఇంకో మాట ఇంటి మాట. మన ఇళ్లలో పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారు కానీ చదవడం తగ్గింది. తెలుగు కథ చదవమంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసిమ్మంటున్నారు. ఇది వాళ్ల తప్పు కాదు. చదువుకునే చోటుకు వాళ్లను చెయ్యిపట్టి తీసుకెళ్లే పెద్దవాళ్లు తగ్గారు. 1901లో మనవాళ్లకు సర్కారు అడ్డు. నేడు అడ్డు మన తీరిక లేకపోవడమే. ఇది దాటరానిదేమీ కాదు.

శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం రాజులు పోయినా, రెసిడెంట్లు పోయినా, రాష్ట్రాలు కలిసినా విడిపోయినా తలుపు తెరిచే ఉంచింది. ఏ సంస్థకైనా అంతకు మించిన ఘనత ఏం కావాలి? రావిచెట్టు రంగారావు, లక్ష్మీనరసమ్మ, కొమర్రాజు, మునగాల రాజా, మాడపాటి, ఆదిరాజు వంటి మహనీయులకు శతకోటి వందనాలు. ఈ రోజు ఆ నిలయం బీరువాల దుమ్ము దులిపి, పాత పుస్తకానికి అట్ట వేసి, చదువరి అడిగినది వెతికి ఇచ్చే ప్రతి ఒక్కరికీ అంతే వందనం. నిలయం నూట యాభై ఏళ్లు, రెండు వందల ఏళ్లు వర్ధిల్లాలి. 'గోలకొండ పత్రిక' శతాబ్ది సందర్భంగా ఆ పాత సంచికలు కొత్త తరం చేతికి సులువుగా అందాలి.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈ ఏడాది ఒక సెలవు రోజు చూసుకుని, ఇంట్లో ఒక పిల్లనో పిల్లవాణ్నో వెంటబెట్టుకుని సుల్తాన్ బజారు వెళ్లండి. నిలయంలో సభ్యత్వం తీసుకోండి. మీ వీధి గ్రంథాలయం మూతపడి ఉంటే తెరిపించమని అడగండి. అభినందన పత్రాలకంటే, పూలదండలకంటే, చదువుకోవడానికి వచ్చి కూర్చున్న పాఠకుడే నిలయానికి నిజమైన సన్మానం.